ఫోన్-ఇన్: సాఫ్ట్‌వేర్‌కు తెలియకుండా ఫోల్డర్‌లో పేర్లు మార్చేస్తే

యాంకర్: నమస్కారమండి. దస్తావేజులు, బిల్లులు, కేసు కాగితాలు స్కాన్ చేసి డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో దాచుకునేవాళ్ల కోసం ఈ రోజు కార్యక్రమం. సాఫ్ట్‌వేర్‌లో ఒకటి కనిపిస్తుంది, డిస్క్‌లో ఫోల్డర్ తెరిస్తే ఇంకొకటి ఉంటుంది. ఈ తేడా ఎందుకొస్తుందో, వస్తే ఏం చేయాలో చెప్పడానికి మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్ నరసరావుపేట నుంచి. చెప్పండి సార్.

కాలర్: నమస్కారం మేడమ్. నేను ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాను. మా ఆఫీసులో పేపర్‌లెస్ ఎన్‌జీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. పాత కేసు కట్టలన్నీ స్కాన్ చేసి అందులో వేశాం.

యాంకర్: సార్, రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి. మీ మాటే మళ్లీ వినపడుతోంది.

కాలర్: ఆ, తగ్గించానండి. ఏం జరిగిందంటే, ఫైళ్లున్న ఫోల్డర్ నా కంప్యూటర్‌లో కూడా కనపడుతుంది. తెరిచి చూస్తే అన్నీ నంబర్లే. సున్నాలు, చివర నాలుగు వందల పన్నెండు, అలాగ. ఏది ఎవరిదో తెలియట్లేదని ఓ నలభై ఫైళ్లకు కక్షిదారుల పేర్లు పెట్టాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో చూస్తే పేజీలు కనపడుతున్నాయి కానీ ఒరిజినల్ డౌన్‌లోడ్ చేయబోతే ఎర్రర్. పోనీ మళ్లీ ఎక్కిద్దామంటే డూప్లికేట్ అని తిప్పి కొడుతోంది. రెండు రోజులుగా ఒకటే టెన్షన్ మేడమ్. సార్‌కి ఇంకా చెప్పలేదు.

నిపుణురాలు: మీ కాగితం ఒక్కటీ పోలేదండి. ముందు అది మనసులో పెట్టుకోండి. సార్‌కి కూడా ఈ రోజే చెప్పేయండి, ఇది సరిచేయగలిగిన పనే.

మీకు కోర్టు రికార్డు రూము తెలుసు కదా. అక్కడ రిజిస్టరు ఉంటుంది, ర్యాకులు ఉంటాయి. ఫలానా కట్ట ఫలానా ర్యాకులో ఉందని రిజిస్టరులో రాసి ఉంటుంది. రికార్డు కీపరుకు చెప్పకుండా మీరు కట్టను వేరే ర్యాకులో పెడితే ఏమవుతుంది? కట్ట గదిలోనే ఉంటుంది, రిజిస్టరు ప్రకారం మాత్రం దొరకదు. పేపర్‌లెస్‌లో డేటాబేస్ ఆ రిజిస్టరు. మీడియా ఫోల్డర్ ఆ ర్యాకు. పేరు మారిందని మీరు డేటాబేస్‌కు చెప్పలేదు.

కాలర్: మరి పేజీలు ఎలా కనపడుతున్నాయండి?

నిపుణురాలు: మంచి ప్రశ్న, మీ రిపేరు దారి అందులోనే ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి కాగితానికీ మామూలుగా రెండు కాపీలు ఉంచుతుంది. మీరు ఇచ్చింది ఇచ్చినట్టు ఒరిజినల్స్‌లో ఒకటి. అక్షరాలు గుర్తుపట్టి, వెతకడానికి వీలుగా తయారుచేసిన పీడీఎఫ్ ఆర్కైవ్‌లో ఇంకొకటి. మీరు ముట్టుకున్నది ఒరిజినల్స్‌నే. తెర మీద కనపడేది ఆర్కైవ్ కాపీ. ఇక డూప్లికేట్ సంగతి. అది పేరు చూడదు, ఫైలు లోపలి సరుకు నుంచి లెక్కగట్టిన చెక్‌సమ్ చూస్తుంది. ఆ చెక్‌సమ్ డేటాబేస్‌లో ఉంది కాబట్టి ఈ కాగితం నా దగ్గర ముందే ఉంది అంటోంది.

కాలర్: అయితే సాఫ్ట్‌వేర్‌లో పాతది డిలీట్ చేసి కొత్తగా ఎక్కించనా?

నిపుణురాలు: వద్దండి. డిలీట్ చేస్తే మీరు పెట్టుకున్న ట్యాగులు, తేదీలు, నోట్సు అన్నీ దాంతోపాటే పోతాయి. ఇప్పుడు నేను చెప్పే వరసలోనే చేయండి, రాసుకోండి. ముందు సాఫ్ట్‌వేర్ ఆపి, మీడియా ఫోల్డర్, డేటాబేస్ రెండూ కలిపి వేరే డిస్క్‌లోకి కాపీ తీయండి. తర్వాత మళ్లీ నడిపి, డాక్యుమెంట్ శానిటీ చెకర్ అనే కమాండ్ ఇవ్వండి. మీ సిస్టమ్ పెట్టిన కుర్రాడు ఉంటాడుగా, అతన్ని కూర్చోబెట్టుకోండి. అది రెండు రకాల ఫిర్యాదులు చూపిస్తుంది. ఒకటి, రిజిస్టరులో ఉండి డిస్క్‌లో లేనివి. రెండోది, డిస్క్‌లో ఉండి రిజిస్టరులో లేనివి. వీటినే ఆర్ఫన్ ఫైళ్లు అంటుంది. మీ విషయంలో రెండు జాబితాలూ నలభై చొప్పున రావాలి.

కాలర్: అవునండి, నలభై, నలభై రెండో.

నిపుణురాలు: ఇక జతలు కలపడమే. నాలుగు వందల పన్నెండు లేదంటే, సాఫ్ట్‌వేర్‌లో ఆ డాక్యుమెంట్ తెరవండి. ఆర్కైవ్ పేజీలు కనపడతాయి, ఎవరి కేసో చూడగానే మీకు తెలుస్తుంది. మీరు పేరు మార్చిన ఫైలు తెరిచి, రెండూ ఒకటేనని చూసుకుని, పాత నంబరు తిరిగి పెట్టండి. సున్నాలతో కలిపి ఏడంకెలు ఉండాలి. తొందరపడి ఒకదాని నంబరు ఇంకొకదానికి పెట్టినా, చెకర్ మళ్లీ నడిపితే చెక్‌సమ్ కలవలేదని చెప్తుంది. ఒక్క ఫిర్యాదు కూడా లేదనేదాకా నడపండి.

కాలర్: సరేనండి. కానీ పేర్లు లేకపోతే మాకు కష్టం మేడమ్. ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ పనిచేయదు, ఫోల్డర్లో వెతుక్కోవాలి.

నిపుణురాలు: మీరు కోరేది న్యాయమైనదే. మిమ్మల్ని తప్పుపట్టను, మొదట్లోనే ఎవరైనా ఈ సెట్టింగ్ మీకు పెట్టి ఇవ్వాల్సింది. ఫైల్‌నేమ్ ఫార్మాట్ అని ఒకటుంది. కక్షిదారు పేరుతో ఫోల్డర్, లోపల సంవత్సరం, లోపల కాగితం శీర్షిక, ఇలా ఉండాలని ఒక్కసారి రాసి పెడితే అదే ఫైళ్లను అలా సర్దుతుంది. కక్షిదారును అక్కడ కరస్పాండెంట్ అంటారు. ఆ తర్వాత తెర మీద శీర్షిక మారిస్తే డిస్క్‌లో పేరు కూడా దానంతట అదే మారుతుంది. పాత ఫైళ్లకు కూడా వర్తించాలంటే డాక్యుమెంట్ రీనేమర్ కమాండ్ ఇవ్వాలి. చెకర్ శుభ్రంగా ఉందన్నాకే సుమా. ఇంకొకటి, మీ కంప్యూటర్‌కు ఇచ్చిన ఆ షేర్డ్ ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే వీలుండేలా మార్పించండి. మీ మీద నమ్మకం లేక కాదు, రేపు కొత్తగా చేరే జూనియర్ కోసం.

మరో మాట. స్కాన్‌లో అక్షరాలు గుర్తుపట్టే ప్రోగ్రామ్, టెసరాక్ట్, తెలుగు అచ్చును చదువుతుంది కానీ పాత చేతిరాత దస్తావేజులను నమ్మదగ్గట్టు చదవదు. వాటికి శీర్షిక, సర్వే నంబరు మీరే టైపు చేయండి. వాటి విషయంలో వెతుకులాటకు ఆధారం మీరు రాసిందే.

యాంకర్: ధన్యవాదాలు సార్. తర్వాతి కాల్ వరంగల్ నుంచి.

కాలర్: నమస్తే మేడమ్. మాది మందుల ఏజెన్సీ. స్కానర్ బిల్లులను నాస్ బాక్స్‌లోని, అంటే నెట్‌వర్క్‌కు తగిలించిన డిస్క్ పెట్టెలోని, ఇన్‌బాక్స్ ఫోల్డర్‌లో వేస్తుంది. సాఫ్ట్‌వేర్ వేరే కంప్యూటర్‌లో ఉంది, ఆ ఫోల్డర్ దానికి కలిపిచ్చిన. బిల్లు వచ్చి గంటలు గడిచినా తీసుకోదు. రీస్టార్ట్ చేస్తే మాత్రం అన్నీ ఒకేసారి ఎక్కుతాయి.

నిపుణురాలు: రీస్టార్ట్ చేస్తే ఎక్కుతాయన్నారు చూశారా, ఆ ఒక్క మాటతో విషయం తెలిసిపోయింది. కొత్త ఫైలు పడగానే ఆ కంప్యూటర్‌ను నడిపే లినక్స్ కబురు చెప్తుంది, సాఫ్ట్‌వేర్ ఆ కబురు కోసం కాచుకుని ఉంటుంది. సొంత డిస్క్‌లో పడితేనే ఆ కబురు అందుతుంది. నెట్‌వర్క్ మీద ఇంకో యంత్రం వేసిన ఫైలు సంగతి ఈ యంత్రానికి తెలియదు. పోలింగ్ సెట్టింగ్ పెట్టండి, అరవై సెకన్లు ఇవ్వండి. నిమిషానికోసారి తానే వెళ్లి చూసుకుంటుంది.

కాలర్: తీసుకున్నాక ఇన్‌బాక్స్‌లో ఉండదు కదా, భయమైతది.

నిపుణురాలు: ఉండదు, దాని పద్ధతే అది. తన దగ్గరికి చేర్చుకుని అక్కడ తీసేస్తుంది. అందుకే ఒరిజినల్ బిల్లుల ఫోల్డర్‌నే ఇన్‌బాక్స్‌గా చూపించకండి. అదొక్కటి గుర్తుంచుకోండి.

యాంకర్: చివరి కాల్. అట్లాంటా నుంచి ఒక అమ్మాయి.

కాలర్: నమస్తే అండి. నాన్నగారు తెనాలిలో ఉంటారు. ఇంటి కాగితాలు, పెన్షన్ కాగితాలు, హాస్పిటల్ రిపోర్టులు ఆయన స్కాన్ చేస్తారు. ఇద్దరి దగ్గరా పేపర్‌లెస్ ఉంది. రెండు కంప్యూటర్లలో ఫోల్డర్లను ఒకేలా ఉంచే సింక్‌థింగ్ అనే ప్రోగ్రామ్‌తో డేటా ఫోల్డర్ మొత్తాన్ని కలిపాను. మొదటి వారం బాగుంది. తర్వాత సింక్ కాన్‌ఫ్లిక్ట్ అని పేరున్న ఫైళ్లు పుట్టుకొచ్చాయి. డేటాబేస్ పాడైందంటోంది.

నిపుణురాలు: అమ్మా, ముందు రెండు వైపులా సింక్ ఆపేయండి. నడుస్తున్న డేటాబేస్ ఫైలును ఇలా రెండు చోట్లకు సింక్ చేయకూడదు. అక్కడ నాన్నగారు రాస్తుంటారు, ఇక్కడ మీరు రాస్తుంటారు, ఏది అసలుదో తేల్చేవాళ్లు ఎవరూ లేరు. పైగా సింక్ బ్యాకప్ కాదు. ఒకచోట చెరిపితే రెండో చోటా చెరిగిపోతుంది.

కాలర్: మరి నేను చూసేదెలా? నాన్నగారికి ఒంట్లో బాగోకపోతే రిపోర్టు వెంటనే కావాలి నాకు.

నిపుణురాలు: అర్థమైందమ్మా. సాఫ్ట్‌వేర్ తెనాలిలోనే ఒక్కచోట ఉండనివ్వండి. మీరు వీపీఎన్ ద్వారా, అంటే ఇంటర్నెట్ మీదుగా ఆ ఇంటి నెట్‌వర్క్‌కు వేసుకున్న రహస్య దారిలో, అదే తెరిచి చూడండి. అందుకు వైర్‌గార్డ్ అనే ప్రోగ్రామ్ సరిపోతుంది. రెండో కాపీ కోసం అక్కడ రోజూ రాత్రి డాక్యుమెంట్ ఎక్స్‌పోర్టర్ నడిచేలా పెట్టండి. ఫైళ్లనూ రిజిస్టరునూ కలిపి ఒక ఫోల్డర్‌లో దించుతుంది. ఆ ఫోల్డర్‌ను సింక్‌థింగ్‌తో తెప్పించుకోండి, తెనాలి నుంచి మీ వైపుకే, ఒకే దారి. మీ వైపు పాత కాపీలు కూడా కొన్ని ఉంచమని అందులోనే సెట్టింగ్ ఉంది. అవసరపడితే అదే వెర్షన్ సాఫ్ట్‌వేర్‌ను ఖాళీగా ఇన్‌స్టాల్ చేసి ఇంపోర్టర్‌తో ఎక్కించవచ్చు. నెలకోసారి అలా ఎక్కించి చూసుకోండి.

కాలర్: నాన్నగారికి ఏం చెప్పమంటారు? ఆయన ఇవన్నీ చేయలేరు.

నిపుణురాలు: స్కాన్ చేసి ఇన్‌బాక్స్ ఫోల్డర్‌లో వేయమనండి, చాలు. ట్యాగులూ పేర్లూ మీరు రాత్రి కూర్చుని తెర మీద పెట్టుకోండి.

కాలర్: ఇప్పుడే ఫోన్ చేసి చెప్తానండి. అక్కడింకా పడుకుని ఉండరు.