కాళోజీ కళాక్షేత్రంలో ఒగ్గుకథ: ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది?

నమస్కారం. నేనిప్పుడు హనుమకొండ బాలసముద్రంలో, కాళోజీ కళాక్షేత్రం ముందు ఉన్నాను. ఒకప్పటి హయగ్రీవాచారి మైదానం ఇదే. బస్సులో వచ్చేవాళ్లు హనుమకొండ బస్టాండులో దిగి ఆటో ఎక్కితే చాలు. రైలులో వచ్చేవాళ్లకు కాజీపేట స్టేషన్ అనుకూలం.

భవనం సంగతి ముందే చెప్పేస్తాను. ప్రజాకవి కాళోజీ శతజయంతి నాడు, అంటే 2014 సెప్టెంబరు 9న దీనికి శంకుస్థాపన చేశారు. ప్రారంభమైంది 2024 నవంబరు 19న. పదేళ్లు! మన ఊళ్లో నాటకాలు వేసేవాళ్లు, ఆడేవాళ్లు, పాడేవాళ్లు అన్నాళ్లూ ఎదురుచూసిన వేదిక ఇది. అందుకే గోడలు, రంగులు, దీపాల గురించి మాట్లాడి వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు. లోపల కళ ఎలా పండుతోందో చూద్దాం.

లోపలికి వెళ్లేముందు ఇదిగో, కాళోజీ విగ్రహం. పిల్లలతో వస్తే ఇక్కడ కాసేపు ఆగండి. కాళోజీ నారాయణరావు పుట్టింది ఇప్పటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో అయినా, పెరిగింది మన మడికొండలో. 1992లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 2002లో కన్నుమూశాక ఆయన పార్థివదేహాన్ని కాకతీయ వైద్య కళాశాలకు అప్పగించారు. ఆయన పుట్టినరోజే మనకు తెలంగాణ భాషా దినోత్సవం. ఆయన జీవితాన్ని చూపించే గ్యాలరీ కూడా లోపల ఉంది. కాబట్టి ప్రదర్శన వేళకు ఉరుకులు పరుగులతో కాకుండా, కొంచెం ముందే రండి.

ఇక అసలు విషయం. వెయ్యి మందికి పైగా కూర్చోగల ఈ పెద్ద హాలులో నేను ఒగ్గుకథ చూశాను, అంటే డోలు దరువు మీద మల్లన్న లాంటి దేవుళ్ల కథలను పాడుతూ, ఆడుతూ చెప్పే మన జానపద కళ.

డోలు మీద మొదటి దెబ్బ పడగానే హాలంతా సద్దుమణిగింది. ఒక చేతిలో పుల్ల, ఇంకో చేయి వట్టి అరచెయ్యి. రెండు రకాల నాదం ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తుంటే కాళ్లు వాటంతట అవే కదులుతాయి. ప్రధాన కథకుడు గజ్జెలు ఘల్లుమనిపిస్తూ ముందుకొచ్చాడు. అప్పటిదాకా మల్లన్నగా గర్జించిన మనిషి, భుజం మీది కండువాను తలమీదికి కొంగులా లాక్కున్నాడు. అంతే! గొంతు మారింది, నడుము వంపు మారింది, చూపు నేల మీదికి దిగింది. వేషం మార్చలేదు, తెర వేయలేదు. రెప్పపాటులో మన ముందు ఒక ఆడబిడ్డ నిలబడింది. ఇంత గొప్ప నటనను మన ఊరి జాతరల్లో మట్టిలో కూర్చుని చూసిన వాళ్లం మనం. దానికి ఇలాంటి వేదిక, ఇలాంటి వెలుగు దక్కడం చూస్తే నాకు కళ్లు చెమర్చాయి.

అయితే ఒక మాట చెప్పాలి. ఒగ్గుకథ జనం మధ్యలో పుట్టిన కళ. కథకుడు ఒక మాట అంటే పక్కనున్న వంతపాటగాడు అందుకుంటాడు, ఎదురుగా కూర్చున్న ముసలమ్మ 'అయ్యో' అంటే దాన్నీ కథలో కలిపేసుకుంటాడు. పెద్ద వేదిక మీద ఆ దూరం తెలిసిపోతుంది. వెనక వరుసల్లో డోలు విన్యాసాలు, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడే ఘట్టాలు నిండుగా కనిపిస్తాయి కానీ, ముఖంలో ఆ మార్పు అందదు. జానపద కళలకైతే వీలైనంత ముందు కూర్చోండి. పేరిణి లాంటి నృత్యానికి మాత్రం మధ్య వరుసలే మేలు, పాదాల నుంచి తల దాకా దేహమంతా ఒక్క చూపులో కనిపించాలి కదా.

నిర్వాహకులకు నాదొక విన్నపం. మూసి ఉన్న హాలులో డోలుకు మైకు పెట్టకండి. దాని నాదం దానికి చాలు. ఆ మైకు వంతపాటగాడికి ఇవ్వండి, కథలో సగం అతని నోట్లోనే ఉంటుంది.

చిన్న బృందాలు వెయ్యి కుర్చీలను చూసి బెదిరిపోనక్కర్లేదు. పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉండనే ఉంది. ధ్వన్యనుకరణతో వరంగల్ పేరును ప్రపంచానికి వినిపించిన మహానుభావుడి పేరు అది. అక్కడ రాటుదేలిన కుర్రాళ్లు తర్వాత ఇక్కడికి రావాలి. అందుకే వాళ్లు భరించగలిగేంత అద్దెకే ఈ వేదిక దొరకాలని నా గట్టి కోరిక.

నేను ఇక్కడ చూడాలనుకుంటున్నది ఇంకొకటి ఉంది. చేర్యాల నకాషీ పటం మీకు తెలుసు కదా, ఎర్రటి నేపథ్యం మీద గీసిన పొడవాటి బొమ్మల గుడ్డ. దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ కథ చెప్పేవారు. ఇప్పుడు చాలా ఇళ్లలో అది గోడకు తగిలించే చిన్న పటంగా మిగిలింది. ఆ పొడవాటి పటాన్ని ఈ వేదిక మీద విప్పి, కెమెరాతో ఒక్కో బొమ్మనూ పెద్ద తెర మీదికి తెస్తే? చివరి వరుసలో ఉన్నవాళ్లకు కూడా కుంచె గీత కనిపిస్తుంది. కథ మాత్రం ఈనాటిది కావాలి: మన చెరువులది, బొంబాయికో దుబాయికో వలసపోయిన మన పల్లెలది. చిత్రకారులున్నారు, కథకులున్నారు, వేదిక కూడా వచ్చింది. ఇలాంటి ప్రయత్నం చేస్తున్న బృందం మీ ఎరుకలో ఉంటే వీడియో కింద రాయండి. కెమెరా పట్టుకుని నేనే వస్తాను.