పెట్టె మీద పేరు కాదు, చిప్ పేరు అడగాలి

తమ్ముడు: అన్నా, ఈ ఎపిసోడ్ నా టెన్షన్ గురించే. మిర్యాలగూడలో మామ రైస్ మిల్లు ఉంది కదా, కాంటా లెక్కలన్నీ అక్కడి డెబియన్ (ఒక రకం లైనక్స్) సర్వర్‌లోనే. మొన్న పిడుగు పడి బోర్డు మీది నెట్‌వర్క్ పోర్టు పోయింది. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర షాపులో నెట్‌వర్క్ కార్డు అడిగితే "అన్నీ గిగాబిట్టే, ఏది తీసుకున్నా ఒకటే" అన్నారు.

అన్న: ఒకటి కాదు తమ్ముడూ. మహబూబ్‌నగర్‌లో ఒక ఆఫీసు సర్వర్‌కి నేను పెట్టె మీద "లైనక్స్" అని చూసి కార్డు కొన్నా. కార్డును నడిపించే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో లేదు. దాని కోడ్ బయట నుంచి దించి, ఆ కెర్నల్‌తో నడిచేలా కంపైల్ చేశా. కొన్ని నెలలు బాగానే నడిచింది. ఒక రాత్రి కెర్నల్ అప్‌డేటై మెషిన్ రీబూట్ అయింది. పొద్దునకి నెట్‌వర్క్ లేదు. కొత్త కెర్నల్‌తో ఆ డ్రైవర్ కంపైలే కాలేదు.

తమ్ముడు: పాత కెర్నల్‌తో బూట్ చేయొచ్చు కదా?

అన్న: చేశా. మెషిన్ ఆన్ అయ్యేటప్పుడు ఏ కెర్నల్ కావాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో రెండు నిమిషాల పని. కానీ నెట్ లేని సర్వర్‌లోకి ఇంటి నుంచి ఎలా లాగిన్ అవుతాం? నల్గొండ నుంచి బస్సులో పోయేసరికే సగం రోజు. కార్డులో అసలు పని చేసేది చిప్. అందుకే డ్రైవర్ కెర్నల్‌లోనే ఉన్న చిప్ తప్ప కొనొద్దంటా.

తమ్ముడు: అయితే ఏ చిప్?

అన్న: ఇంటెల్ ఐ210. రెండు లేదా నాలుగు పోర్టులు కావాలంటే ఐ350. లైనక్స్‌లో రెండింటికీ ఐజీబీ డ్రైవరే. రియల్‌టెక్ 8111కి కూడా కెర్నల్‌లో డ్రైవర్ ఉంది, ఇంటి మెషిన్‌కి చాలు. సర్వర్‌కి ఐ210 ఎందుకంటే, దాంట్లో నాలుగు క్యూలు (వరసలు) ఉంటాయి, వచ్చే డేటా ముక్కల్ని, అంటే ప్యాకెట్లను, ప్రాసెసర్‌లోని వేర్వేరు కోర్లకు పంచుతాయి. గిగాబిట్ లైన్లో అతి చిన్న ప్యాకెట్లయితే సెకనుకి దాదాపు 14.88 లక్షలు రావచ్చు. మిల్లులో అంత రాదు, అయినా సీజన్‌లో లారీలు క్యూ కట్టినప్పుడు సర్వర్ ఆగకూడదు.

తమ్ముడు: షాపులో చిప్ ఏదో ఎలా తెలుస్తుంది?

అన్న: ఒకే మోడల్‌లో వెర్షన్ మారితే చిప్ మారిపోతుంది, పెట్టెను నమ్మొద్దు. కార్డు పెట్టి, మెషిన్‌లోని కార్డుల జాబితా చూపించే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌కి మైనస్ ఎన్ఎన్ ఇచ్చి చూడు. 8086:1533 అని వస్తే ఐ210. ముందే వాపస్ మాట తీసుకో.

తమ్ముడు: పది గిగాబిట్ తీసుకోనా?

అన్న: కాంటా బిల్లులకా? వద్దు. ఆ డబ్బుతో ఇంకో పని చెయ్యి. కాంటా గది నుంచి ఆఫీసుకి కేబుల్ ఎలా వచ్చింది?

తమ్ముడు: ఆరుబయట, స్తంభాల మీదుగా. రాగి కేబులే.

అన్న: పిడుగు ఆ దారిలోనే వచ్చి ఉంటుంది. ఎంత మంచి కార్డు పెట్టినా వచ్చే వానలకి అదీ పోతుంది. అక్కడ ఫైబర్ లాగి, రెండు వైపులా మీడియా కన్వర్టర్ (రాగి కేబుల్‌ని ఫైబర్‌కి కలిపే డబ్బా) పెట్టండి. లోపల ఇనుప తీగ లేని ఫైబర్ అడుగు.

తమ్ముడు: మామకి ఇప్పుడే ఫోన్ చేస్తా. ముందు ఆ కేబుల్ తీయించాలి.