పసుపు కాగితం చెప్పేది, చెప్పనిది

శ్రోతలకు నమస్కారం.

తెల్లచొక్కా మీద పప్పుచారు ఒలికితే, ఆ మరక మీద సబ్బు రుద్దగానే ఏమవుతుందో మీకు తెలుసు. మరక పోవడం మాట అటుంచి, పసుపు కాస్తా ఎరుపవుతుంది. బాగా జాడిస్తే మళ్ళీ పసుపుకే వస్తుంది. హారతికి ఎర్రనీళ్ళు కలిపేవారికి, పారాణి తయారుచేసేవారికి ఈ రంగు ఎప్పటినుంచో పరిచయమే. పసుపులో సున్నం పడితే ఎరుపు. ఆ ఎరుపుతో పిల్లల చేత చేయించదగిన ప్రయోగం ఇవాళ చెప్పుకుందాం. స్పిరిట్ దగ్గర, పొయ్యి దగ్గర మాత్రం పెద్దవాళ్ళు ఉండి తీరాలి.

ముందు కాగితం తయారుచేయాలి. మూత ఉన్న చిన్న గాజుసీసాలో ఒక చెంచా పసుపు వేసి, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ 50 మిల్లీలీటర్లు పోయండి. దగ్గర్లో పొయ్యి గాని, దీపం గాని ఉండకూడదు, స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. మూత పెట్టి బాగా కుదిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. పైన తేరిన ద్రవాన్ని పళ్ళెంలోకి వంచి, అందులో వడపోత కాగితం ముక్కలు ముంచి తీసి నీడలో ఆరబెట్టండి. వడపోత కాగితం లేకపోతే ఉతికిన పాత తెల్ల నూలుగుడ్డ చాలు, సబ్బు మిగలకుండా జాడించి ఉండాలి. ఆరాక వేలెడు పొడవు పట్టీలుగా కత్తిరించుకోవచ్చు.

స్పిరిట్ ఎందుకు, నీళ్ళు చాలవా అంటారేమో. పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం కర్కుమిన్. 1815లోనే శాస్త్రజ్ఞులు దీన్ని పసుపు నుంచి వేరుచేశారు. అది నీళ్ళలో దాదాపు కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. నీళ్ళతో ముద్దచేసి పూసినా పనిచేస్తుంది గాని, ఆరాక పొడి రాలుతుంది, రంగు మచ్చలు మచ్చలుగా వస్తుంది. పైగా కొన్ని ఊళ్ళలో బోరునీళ్ళకే క్షారగుణం, అంటే సున్నం, సబ్బులకుండే గుణం, ఉంటుంది. ఆ నీళ్ళతో కలిపితే కాగితం ఆరేసరికే గోధుమరంగుకు తిరిగి, పరీక్షకు పనికిరాకుండా పోతుంది. ఎండలో ఆరబెట్టినా నష్టమే, కర్కుమిన్ ఎండకు వెలిసిపోతుంది. ఇక సబ్బుతో కడుక్కుని సరిగా తుడుచుకోని చేతులతో పట్టుకుంటే పిల్లల వేలిముద్రలు ఎర్రగా పడతాయి. అలా పడితే కోప్పడకండి, ఎందుకు పడ్డాయో వాళ్ళనే అడగండి.

ఇప్పుడు ఐదు గ్లాసులు తీసుకోండి. అన్నిట్లో సగం దాకా మంచినీళ్ళు పోయండి. ఒకటి అలాగే ఉంచి, మిగతావాటిలో అర చెంచా ఉప్పు, అర చెంచా పంచదార, పావు చెంచా నిమ్మ ఉప్పు, పావు చెంచా బట్టల సోడా, గ్లాసుకొకటి చొప్పున కరిగించండి. నిమ్మరసం బదులు నిమ్మ ఉప్పు ఎందుకంటే, దానికి రంగూ వాసనా లేవు, చూసి పోల్చుకోలేరు. గ్లాసుల అడుగున రహస్యంగా గుర్తులు పెట్టి పిల్లలకివ్వండి. ఏ గ్లాసులో ఏముందో కనుక్కోవాలి. రుచి చూడటం నిషేధం. బట్టల సోడా నోరు పొక్కిస్తుంది, కంట్లో పడితే వెంటనే నీళ్ళతో బాగా కడగాలి.

పుల్లతో ఒక్కో చుక్క కాగితం మీద పెడితే సోడా నీళ్ళ దగ్గర ఎర్రబడుతుంది. మిగతా నాలుగూ పసుపుగానే ఉంటాయి. చాలామంది పిల్లలు ఇక్కడ తొందరపడి, ‘రంగు మారలేదు కాబట్టి ఇవన్నీ ఆమ్లాలే’ అనేస్తారు. పసుపు క్షారం వచ్చిందని చెప్పగలదు, అంతే. మామూలు నీళ్ళకీ నిమ్మ ఉప్పుకీ దాని దగ్గర తేడా లేదు. మరి నిమ్మ ఉప్పులాంటి ఆమ్లాన్ని పట్టుకునేదెలా? కాసేపు వాళ్ళనే ఆలోచించనివ్వండి.

దారి ఇది. సోడా నీళ్ళలో ముంచి ఎర్రబడిన కాగితాన్ని ఆరబెట్టి, దాని మీద మిగతా నాలుగింటి చుక్కలు పెట్టాలి. నిమ్మ ఉప్పు పడ్డచోట చప్పున పసుపురంగు తిరిగి వస్తుంది. క్షారం తగిలినప్పుడు కర్కుమిన్ అణువు ఒక హైడ్రోజన్ అయాన్‌ను, అంటే విద్యుదావేశం ఉన్న హైడ్రోజన్ కణాన్ని, వదులుకుని ఎర్రబడుతుంది. ఆమ్లం ఆ అయాన్‌ను తిరిగి ఇచ్చేస్తుంది. కాగితాన్ని గ్లాసులో ముంచకండి, చుక్కే పెట్టండి. ముంచితే ఉత్త నీళ్ళు కూడా సోడాను కడిగేసి ఎరుపును పోగొడతాయి. చొక్కా జాడించినప్పుడు జరిగింది అదే. ఉప్పునీ పంచదారనీ మాత్రం పసుపు విడదీయలేదు.

షాంపూతోనో, గిన్నెలు తోమే ద్రవంతోనో రంగు మారకపోతే ప్రయోగం చెడిందనుకోకండి. వాటిలో చాలావరకు క్షారగుణం ఉండదు. కట్టెలపొయ్యి బూడిద నీళ్ళలో కలిపి తేర్చి చూడండి, దిట్టంగా ఎర్రబడుతుంది. అయితే దేనితోనూ మారకపోతే అనుమానించాల్సింది పసుపునే. కల్తీ రంగుకు ఈ గుణం ఉండదు.

కాస్త పెద్ద పిల్లలకు వంటసోడా మంచి చిక్కుముడి. గ్లాసు నీళ్ళలో అర చెంచా వంటసోడా కలిపి, సగం పక్కన పెట్టి, మిగతా సగం పది నిమిషాలు మరిగించి చల్లార్చండి. మరిగించని నీళ్ళకు కాగితం కొద్దిగా నారింజ ఛాయకు తిరిగితే గొప్ప. మరిగించినవాటికి స్పష్టంగా ఎర్రబడుతుంది. వేడికి వంటసోడాలోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి బట్టల సోడా తయారవుతుంది, దానికి క్షారగుణం ఎక్కువ. మరిగేటప్పుడు నీళ్ళు ఇగిరి చిక్కబడ్డాయని ఏ పిల్లవాడైనా అభ్యంతరం చెబితే మెచ్చుకోండి. తగ్గినన్ని నీళ్ళు తిరిగి పోసి మళ్ళీ పరీక్షించమనండి.

ఆమ్లాన్నీ క్షారాన్నీ రెంటినీ చూపించే సూచిక కావాలంటే మందారం ఉంది. నాలుగైదు ఎర్ర మందారాల రేకులు అర గ్లాసు వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి వడకట్టండి. నిమ్మ ఉప్పు నీళ్ళు కలిపితే ముదురు గులాబీ, సోడా నీళ్ళు కలిపితే ఆకుపచ్చ. ఈ నీళ్ళు తొందరగా పాడవుతాయి, ఏ పూటకాపూట చేసుకోవాలి. పసుపు కాగితాలు మాత్రం వెలుతురు సోకని డబ్బాలో పెడితే చాలా రోజులుంటాయి.

సెలవు.