‘సోమవారానికల్లా’నా, ‘సోమవారం దాకా’నా?

అందరికీ నమస్కారం. ఈ పూట ఇంగ్లీషులోని ‘బై’ గురించి మాట్లాడుకుందాం. బళ్లో దీనికి ‘చేత’, ‘ద్వారా’ అని రాసుకుంటాం. అక్కడితో ఆగిపోతే గడువు చెప్పాల్సి వచ్చినప్పుడు బోల్తా పడతాం.

‘ఫారం సోమవారానికల్లా ఇవ్వాలి’ అనేదాన్ని మన పిల్లలు చాలామంది ‘సబ్మిట్ ద ఫామ్ టిల్ మండే’ అంటారు. ‘బై మండే’ అనాలి. టిల్ అంటే పని అంతదాకా సాగుతూనే ఉండాలి. ఫారం ఇవ్వడం ఒక్కసారితో తీరిపోయే పని. తప్పు ఎందుకొస్తుందంటే, తెలుగులో ‘సోమవారం దాకా ఇవ్వొచ్చు’ అని నిక్షేపంగా అంటాం. అక్కడ సాగేది ఇవ్వడం కాదు, ఇచ్చే వీలు. ‘ఇవ్వొచ్చు’ అన్నప్పుడు ఇంగ్లీషులోనూ టిల్ చెల్లుతుంది, ‘ఇవ్వాలి’ అన్నప్పుడే చెల్లదు. అనుమానమొస్తే తెలుగు వాక్యంలో ‘కల్లా’ పెట్టి చూడండి. కుదిరితే బై. ఇంకోటి, ‘బై మండే’లో సోమవారం కూడా కలిసే ఉంటుంది. ‘బిఫోర్ మండే’ అంటే ఆదివారంతో సరి.

మన ఊరి సంగతే చూడండి. కర్నూలు 1953 అక్టోబరు 1 నుంచి ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ‘ఇట్ వాజ్ ద క్యాపిటల్ టిల్ 1956’ అంటే అన్నాళ్లూ రాజధానిగా ఉందని. అదే ‘బై 1954’ అని మొదలుపెడితే, ‘కర్నూలు హ్యాడ్ బికమ్ ద క్యాపిటల్’ అనాలి. అప్పటికే అయిపోయిన పని కదా, అందుకే ‘హ్యాడ్’ కావాలి.

లెక్కల దగ్గర మరీ జాగ్రత్త. యార్డులో ఉల్లి క్వింటాలు 2,000 పలుకుతోందనుకోండి. ‘ఫెల్ బై 500’ అంటే 500 తగ్గి 1,500కు వచ్చింది. ‘ఫెల్ టు 500’ అంటే 500కే పడిపోయింది. ఒక్క చిన్నమాటతో క్వింటాలుకు వెయ్యి తేడా. వార్త రాసేవాళ్లు ఇక్కడ పొరబడితే రైతు గుండె జారిపోతుంది.

ప్రయాణానికి ‘బై బస్’, ‘బై ట్రైన్’ సరే. మధ్యలో ‘మై’ గానీ ‘ద’ గానీ వస్తే బై పనికిరాదు: ‘ఆన్ మై బైక్’, ‘ఇన్ ద కార్’. నడిచి వస్తే ‘బై వాక్’ కాదు, ‘ఆన్ ఫుట్’.

పనిముట్టుకు బై వాడొద్దు. కత్తితో కోస్తే ‘విత్ ఎ నైఫ్’. కోసిన మనిషిని చెప్పేటప్పుడే బై.