అమెరికాలో అయిన విడాకులు, కాగితం ఎవరినడగాలి? – స్టూడియో చర్చ

(చర్చలో ఉన్నవారు: యాంకర్, హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే లాయరు, టెక్సస్‌లోని ప్లేనో నుంచి వీడియోలో, లాయర్లకి కోర్టు కాగితాల పనిలో సాయపడే పారాలీగల్, చెల్లెలి విడాకుల కాగితాల కోసం ఏడాది పాటు తిరిగిన తెనాలి అన్న. ఇంటి విషయాలు కాబట్టి ఎవరి పేర్లూ వాడలేదు.)

యాంకర్: నమస్కారం అండి. అమెరికాలో పెళ్లి తెగిపోవడం ఒక బాధ, తెగిపోయిందని చూపించే కాగితం చేతికి రాకపోవడం ఇంకో బాధ. పాస్‌పోర్టులో భర్త పేరు తీయించాలన్నా, మళ్లీ పెళ్లి చేసుకుని వీసాకి వెళ్లాలన్నా ముందు అదే అడుగుతారు. అన్నా, మీతోనే మొదలుపెడదాం. మీ ఇంట్లో ఏం జరిగింది?

తెనాలి అన్న: విడాకులు 2019లో డాలస్ దగ్గర అయ్యాయండి. చెల్లి అప్పటికే ఇంటికి వచ్చేసింది. అక్కడి లాయరు ఈమెయిల్లో ఒక పీడీఎఫ్ పంపితే అదే డిక్రీ, అంటే కోర్టు ఇచ్చిన విడాకుల తీర్పు కాగితం అనుకున్నాం, కలర్ ప్రింటు తీయించి లామినేషన్ కూడా చేయించి బీరువాలో పెట్టాం. మూడేళ్లకి మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి అక్కడి సిటిజన్. భార్య కోసం పిటిషన్ వేయాలంటే ఇద్దరి పాత పెళ్లిళ్లూ రద్దయినట్టు ఆధారాలు పెట్టాలన్నారు. అప్పుడు ఆ లామినేషన్ కాగితం తీసి చూస్తే చివరి పేజీలో జడ్జి సంతకం చేయాల్సిన గీత ఖాళీగా ఉంది. తారీఖు దగ్గర కూడా ఖాళీనే. అంటే మాకు పంపింది సంతకం కాకముందు టైపు చేసుకున్న కాపీ. మూడేళ్లు దాన్ని పట్టుకుని కూర్చున్నాం, ఒక్కరం కూడా చివరి పేజీ చూడలేదు.

యాంకర్: తర్వాత ఏం చేశారు?

తెనాలి అన్న: తెలియక అన్నీ తప్పులే చేశాం. ఆన్‌లైన్‌లో విడాకుల రికార్డులు తెప్పిస్తామన్న ఒక వెబ్‌సైట్‌కి డబ్బు కడితే పేర్లు, తారీఖు ఉన్న ఒక్క పేజీ పంపారు. తర్వాత ఎవరో చెబితే టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో ఉన్న రాష్ట్ర ఆఫీసుకి రాశాం. అక్కడినుంచి ఉత్తరం వచ్చింది కానీ అది డిక్రీ కాదని దాని మీదే రాసి ఉంది. మా అమ్మయితే ఆ ఉత్తరం పట్టుకుని ఏడ్చేసింది, ఇక కాగితమే లేదేమో అని.

యాంకర్: మేడం, ప్లేనోలో మీరు రోజూ చూసే పని ఇదే. వీళ్లు ఎక్కడ దారి తప్పారు?

పారాలీగల్: అన్నగారు తప్పు చేశానంటున్నారు కానీ అందరూ ఇలాగే వెళ్తారండి. మనకి రాష్ట్రం అంటే పెద్దది, అన్నీ అక్కడే ఉంటాయని లెక్క. విడాకుల విషయంలో ఇక్కడ అది తిరగబడుతుంది. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి, విడాకుల కేసు ఏ కౌంటీలో వేశారో ఆ కౌంటీ డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గరే ఫైలు ఉంటుంది. రాష్ట్రం దగ్గర ఉండేది 1968 నుంచి నడుస్తున్న ఒక ఇండెక్సు మాత్రమే. ఫలానా ఇద్దరికి ఫలానా కౌంటీలో విడాకులయ్యాయని 20 డాలర్లకి ఒక ఉత్తరం ఇస్తారు, అంతే. ఆ ఉత్తరం పనికిరాదని కాదు. ఏ కౌంటీయో అసలు గుర్తులేనివాళ్లకి అది దారి చూపిస్తుంది.

యాంకర్: డిస్ట్రిక్ట్ క్లర్క్ అన్నారు. కౌంటీ క్లర్క్ అంటే కూడా అదేనా?

పారాలీగల్: కాదండి, చాలామంది ఇక్కడే ఆగిపోతారు! పెళ్లి లైసెన్సు, భూమి దస్తావేజులు కౌంటీ క్లర్క్ దగ్గర. విడాకులు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర. పెళ్లి కాగితం ఇచ్చినవాళ్లే విడాకుల కాగితం కూడా ఇస్తారనుకుని రాస్తే, మా దగ్గర రికార్డు లేదని జవాబొస్తుంది. ఆ ఒక్క మాట చూసి కేసే లేదనుకుని భయపడతారు. అడిగిన కిటికీ తప్పు, అంతే.

తెనాలి అన్న: మాకు కౌంటీ దగ్గర కూడా తేడా వచ్చింది. చెల్లి ఉన్నది ఫ్రిస్కో. మేం డాలస్ కౌంటీ అనుకున్నాం.

పారాలీగల్: ఫ్రిస్కో డాలస్ కౌంటీలో లేదండి, కొంత కాలిన్‌లో, కొంత డెంటన్‌లో ఉంది. రోడ్డుకి ఇటు ఉంటే ఒక కౌంటీ, అటు ఉంటే ఇంకో కౌంటీ. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండేది ఆ చుట్టుపక్కలే కాబట్టి ఈ గొడవ నాకు అస్తమానం వస్తుంది. డాలస్ ఊరు కూడా ఐదు కౌంటీల్లోకి పాకింది. పైగా కేసు వేయాలంటే భార్యాభర్తల్లో ఒకరు ఆరు నెలలు రాష్ట్రంలో, 90 రోజులు ఆ కౌంటీలో ఉండాలి. ఒకరైతే చాలు. కాబట్టి మీ చెల్లి ఉన్న కౌంటీలో దొరక్కపోతే, వాళ్లాయన తర్వాత ఎక్కడికి మారాడో అక్కడ వెతకాలి.

యాంకర్: వెతకడం అంటే ఎలా? పేరు కొడితే వస్తుందా?

పారాలీగల్: చాలా కౌంటీలకి ఆన్‌లైన్ వెతుకులాట ఉంది, పేరుతో వస్తుంది, కానీ మన పేర్లతోనే కష్టం. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుందా వెనకుందా, లేక రెండూ కలిపి ఒకే గడిలో పడిందా? సుజాత అని ఉంటే చివర టీ ఒక్కటేనా, పక్కన హెచ్ కూడా ఉందా? లక్ష్మికి కేఎస్‌హెచ్ రాసేవాళ్లున్నారు, ఎక్స్ రాసేవాళ్లున్నారు. వీసాలో పేరు గడి ఖాళీగా ఉండి ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడినవాళ్లకి కోర్టులో కూడా అదే ఎక్కిపోయి ఉండొచ్చు. అందుకని నేను ముందు భర్త ఇంటిపేరుతో వెతుకుతాను, తర్వాత భార్య ఇంటిపేరు, ఆ తర్వాత ఇద్దరి పేర్లూ తారుమారు చేసి. దొరికాక కాజ్ నంబరు, అంటే కోర్టు ఆ కేసుకిచ్చిన నంబరు, రాసుకోవాలి, అదే ఫైలుకి తాళంచెవి. డాలస్ కౌంటీలో అది డీఎఫ్ అక్షరాలతో మొదలవుతుంది, కాలిన్‌లో ఏ జిల్లా కోర్టో ఆ అంకె ముందు వస్తుంది.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. కేసు నంబరు కనిపించింది కదా అని విడాకులు అయిపోయినట్టు కాదు. కేసు వేసి తర్వాత పట్టించుకోకపోతే కోర్టు కొట్టేస్తుంది, లేదా వేసినవాళ్లే వెనక్కి తీసుకుంటారు. ఆ నంబరు మాత్రం అలాగే ఉంటుంది. ఫైనల్ డిక్రీ ఆఫ్ డైవర్స్ అనే కాగితం ఎంట్రీ అయిందా, ఏ తారీఖున జడ్జి సంతకం పెట్టారు, అది చూడాలి.

యాంకర్: లాయరు గారు, కాగితం ఇండియాకి వచ్చాక మీ చేతిలో పడుతుంది. మీరు ముందు ఏం చూస్తారు?

లాయరు: సీలు, ఆ తర్వాత నోటీసు. ఎందుకో ఒక కేసు చెబితే అర్థమవుతుంది, అది మనవాళ్లదే. తిరుపతిలో 1975లో పెళ్లయింది. కొన్నేళ్లకి విడిపోయారు. భర్త అమెరికాలో మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో 90 రోజుల నివాసం చూపించి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి. మొదటి భార్య ఊరుకోలేదు, మొదటి పెళ్లి ఉండగా రెండోది చేసుకున్నాడని బిగమీ కేసు పెట్టింది. అది హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకి వెళ్లి 1991 జూలైలో తీర్పు వచ్చింది. ఈ రోజుకీ మేం కోర్టులో ముందు చూపించేది ఆ తీర్పే. అందులో రెండు సంగతులు మన చర్చకి కావాలి. విదేశీ కోర్టు డిక్రీ ఫొటోస్టాట్ ఒక్కటి తెచ్చి పెడితే చాలదు, సర్టిఫైడ్ కాపీ ఉండాలి, అది నిజమైనదేనని అక్కడి మన ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ కూడా ఉండాలి అంది. తెనాలి అన్నగారి లామినేషన్ కాగితం గుర్తుకొస్తోంది కదా! ఇక రెండోది, భార్య నిజంగా ఆ కోర్టుకి ఒప్పుకుని వెళ్లిందా అనేది. ఆవిడ ఇక్కడినుంచి ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోనని చెబుతూనే జవాబు పంపింది. దాన్ని ఒప్పుకున్నట్టు లెక్కవేయలేమన్నారు. మన హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద ఇచ్చిన విడాకులు, అవతలి మనిషి ఒప్పుకోకుండా, ఇక్కడ చెల్లవన్నారు.

యాంకర్: అంటే అక్కడ విడాకులైనా ఇక్కడ కాకపోవచ్చా?

లాయరు: అవును, కాకపోవచ్చు. అందుకే డిక్రీ ఒక్కటి తెచ్చుకుని సంతోషపడొద్దు అంటాను. అవతలి మనిషికి నోటీసు అందినట్టు రుజువు, లేదా నోటీసు అక్కర్లేదని నోటరీ ముందు సంతకం పెట్టిన వేవర్, వాళ్లు వేసిన జవాబు ఉంటే అది, కేసు మొత్తం నడిచిన తారీఖుల షీటు, ఇవన్నీ అదే ఫైల్లో ఉంటాయి. ఒకే దరఖాస్తులో అడిగితే వస్తాయి. పదేళ్ల తర్వాత ఆస్తి గొడవలోనో, పెన్షన్ దగ్గరో ఎవరైనా ఆ విడాకులు చెల్లవని లేస్తే మీకు అడ్డం పడేది డిక్రీ కన్నా ఆ వేవర్ కాగితమే.

తెనాలి అన్న: మా చెల్లి వేవర్ సంతకం పెట్టిందండి. కానీ ఆ కాపీ మా దగ్గర లేదు. ఇప్పుడే తెలిసింది అది కూడా అడగాలని.

పారాలీగల్: అడగండి అన్నగారు, కాజ్ నంబరు మీ దగ్గర ఉంది కదా, ఇక పెద్ద పని కాదు. పేజీకి డాలరు లెక్క, సర్టిఫికేషన్‌కి విడిగా కొంచెం ఉండొచ్చు, కౌంటీ వెబ్‌సైట్లో ఆ రోజు రేటు చూసుకుని కట్టండి. ఉత్తరంలో రెండు పేర్లూ అప్పటి స్పెల్లింగ్‌తో, కాజ్ నంబరు, డిక్రీ తారీఖు, ఏయే కాగితాలు కావాలి, సర్టిఫైడ్ అన్న మాట తప్పకుండా, ఇవి రాస్తే చాలు. మామూలు కాపీ అడిగితే మామూలుదే పంపుతారు, వాళ్ల తప్పేం లేదు. నా ముందు ఒకటి ఉంది, పేర్లు కప్పేసి కెమెరాకి చూపిస్తాను. ఇదిగో చివరి పేజీ, జడ్జి సంతకం, తారీఖు. దాని వెనక క్లర్క్ ముద్ర, ఇది అసలైన కాపీ అని రాసిన మాట, డిప్యూటీ క్లర్క్ సంతకం. ఈ ముద్ర మీద వేలు పెడితే గరుకుగా తగులుతుంది, ప్రింటులో ఇది రాదు. నేనైతే మూడు కాపీలు తీసుకోమంటాను. పాస్‌పోర్టుకి ఒకటి, వీసాకి ఒకటి, ఇంట్లో ఒకటి.

యాంకర్: ఇండియాలో వాడాలంటే అపోస్టిల్, అంటే ఒక దేశం కాగితం ఇంకో దేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ, అది కూడా కావాలి కదా?

లాయరు: కావాలి. మన దేశం 2005లో ఆ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. 1991 నాటికి అది లేదు కాబట్టి అప్పుడు కాన్సులేట్ ముద్ర గురించి మాట్లాడారు.

పారాలీగల్: టెక్సస్ కాగితానికైతే ఆస్టిన్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు ఇస్తుంది, ఒక్కోదానికి 15 డాలర్లు. సర్టిఫైడ్ కాపీ మీదే వేస్తారు, ఫొటోకాపీ మీద వేయరు. కాబట్టి వరస ముఖ్యం, ముందు కౌంటీ, తర్వాత ఆస్టిన్.

యాంకర్: ఖమ్మం నుంచి ఒక ఫోన్ ఉంది. చెప్పండి బాబాయి గారు.

ఫోన్‌లో: అమ్మా, మా అమ్మాయికి అమెరికా సంబంధం వచ్చింది. అబ్బాయికి ముందు పెళ్లై విడాకులయ్యాయంట, టెక్సస్‌లోనే. కాగితం అడిగితే మొహమాటంగా ఉంది. మేం సొంతంగా చూసుకోవచ్చా? అది తప్పు కాదు కదా?

పారాలీగల్: తప్పు కాదు బాబాయి గారు. టెక్సస్‌లో కోర్టు రికార్డులు, బయటివాళ్లు చూడకుండా కోర్టు మూసి ఉంచితే తప్ప, ఎవరైనా చూడొచ్చు, కాపీ అడగొచ్చు. అన్ని రాష్ట్రాల్లో ఇలా కుదరదు. న్యూయార్క్‌లో విడాకుల ఫైలు ఆ ఇద్దరికీ, వాళ్ల లాయర్లకీ తప్ప ఇవ్వరు. కాలిఫోర్నియాలో రాష్ట్రం దగ్గర ఉన్నది 1962 నుంచి 1984 జూన్ దాకే, మిగతాదానికి ఆ కౌంటీ సుపీరియర్ కోర్టుకే వెళ్లాలి. మీది టెక్సస్ అన్నారు కాబట్టి కౌంటీ తెలిస్తే పది నిమిషాల పని. డిక్రీ తారీఖు కూడా చూడండి. ఇక్కడ డిక్రీ అయ్యాక 30 రోజుల దాకా ఇంకొకరిని పెళ్లి చేసుకోకూడదు, జడ్జి ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప.

లాయరు: నాదొక మాట, బాబాయి గారు. అబ్బాయినే అడగండి. మొహమాటం ఒక రోజు ఉంటుంది. సర్టిఫైడ్ కాపీ, వేవర్ లేదా నోటీసు కాగితం ఇస్తావా అని అడిగితే నిజాయితీ ఉన్నవాడు కోపం తెచ్చుకోడు. మొదటి పెళ్లి ఇండియాలో అయి, ఆ అమ్మాయి ఇండియాలోనే ఉండి, ఆవిడకి తెలియకుండా అక్కడ డిక్రీ తెచ్చుకుని ఉంటే, రేపు ఇబ్బంది పడేది మీ అమ్మాయి. ఇంకో సంగతి, ఆ ఫైల్లో వాళ్ల పిల్లల వివరాలు, డబ్బు వివరాలు ఉంటాయి. మీకు కావాల్సింది చూసుకుని అక్కడితో ఆపండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

ఫోన్‌లో: పెట్టనమ్మా, పెట్టను. అది ఆ పిల్లకి కూడా అవమానం కదా.

తెనాలి అన్న: బాబాయి గారూ, మాకు చివరికి వచ్చిన కవరు మామూలు తపాలా కవరే, బ్రౌన్‌ది. చెల్లి దాన్ని తెరిచి మొదట చివరి పేజీ తిప్పింది. సంతకం ఉంది. అప్పుడు కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది, సాయంత్రం దాకా ఎవరితో మాట్లాడలేదు. మేం కూడా కదిలించలేదు.

యాంకర్: తనకి మళ్లీ పెళ్లయిందా అన్నా?

తెనాలి అన్న: అయిందండి. అపోస్టిల్‌కి కాస్త ఆలస్యమైతే ముహూర్తం మార్చుకున్నాం, అబ్బాయి వాళ్లు ఏమీ అనలేదు. మేడం, ఆ వేవర్ కాపీ కోసం ఈ రాత్రికే రాస్తాను. కాజ్ నంబరు ఇప్పుడు చెప్పనా, లైవ్ అయ్యాక చెప్పనా?

పారాలీగల్: లైవ్ అయ్యాక చెప్పండి అన్నగారు, నంబరు అందరి ముందూ వద్దు. నేను లైన్లోనే ఉంటాను.