ఫీనిక్స్ ఎండలో ఐస్ హాకీ | మావాడి గోలీ సామాను ఖర్చు | అత్తయ్యగారు రింకులో | చాండ్లర్ వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈరోజు వీడియో మా తెనాలి పిన్ని కోసం. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "పిల్లాడి మొహానికి ఆ ఇనప జల్లెడేంటే, హాయిగా క్రికెట్‌లో చేర్చకపోయావా?" సరే పిన్నీ, ఇవాళ మొత్తం చూపిస్తా, చూశాక తిడుదువుగాని.

ముందు పెరట్లోకి రండి. టైము పదకొండున్నర, ఎండ 44 డిగ్రీలు. 2023లో అయితే ఇక్కడ వరసగా 31 రోజులు 43 దాటింది, ఆ లెక్కన ఇది మామూలే. ఈ బల్ల మీద ఎడమ పక్కన అత్తయ్యగారి బూడిదగుమ్మడికాయ వడియాలు, కుడి పక్కన మావాడి ప్యాడ్లు. మధ్యలో కర్ర అడ్డం పెట్టారు, సరిహద్దన్నమాట. నిన్న ఓ గ్లవ్ జారి ఇటు పడితే ఆ వరస వడియాలన్నీ తీసి పారేశారు. తప్పు పట్టలేను. హాకీ సామాను వాసన ఇలాంటిదీ అని చెప్పడం కష్టం, ఈ వీడియోలో వాసన రాకపోవడం మీ అదృష్టం. ఒక్క పూటలో కరకరలాడేలా ఎండిపోతాయి, వడియాలూ, ప్యాడ్లూ. అరిజోనాకి ఆ ఒక్కదానికి దణ్ణం పెట్టాలి.

కరివేపాకు మొక్క ఏమైందని లక్ష్మిగారు కామెంట్లో అడిగారు. ఇదిగోండి, పాత నూలు చీరతో పందిరి వేశాను. బతికే ఉంది.

సరే, సామాను. ఈ ఆటలో ఐస్ మీద ఒక్కో టీముకి ఆరుగురు ఉంటారు, అందులో ఒకడు గోలీ, అంటే గోలుకి కాపలా కాసేవాడు. మిగతా ఐదుగురి సామాను ఒక ఎత్తు, గోలీది ఒక ఎత్తు. కాళ్ల ప్యాడ్లు 500 డాలర్లు. డాలరుకి 88 వేసుకోండి, 44 వేలు. ఓ చేతికి పక్ (బంతి బదులు వాడే బిళ్ల) పట్టే గ్లవ్వు, ఇంకో చేతికి పలకలాంటి బ్లాకరు, రెండూ కలిపి 22 వేలు. గోలీ స్కేట్లు వేరే, ఛాతీ కవచం వేరే, కర్ర కూడా వేరే! అన్నీ కలిపి లక్ష దాటింది, పైగా ఏడాది తిరిగేసరికి వాడు పొడుగవుతాడు. మాస్కు మాత్రం క్లబ్బు వాళ్లది, ఈ సీజను వాడుకోమన్నారు. ఒకే ఒక్క ఊరట ఏంటంటే, పెద్దాళ్లు డబ్బు కట్టి సరదాగా ఆడుకునే ఆటల్లో చాలా చోట్ల గోలీకి ఫీజు ఉండదు, ఎవరూ దొరకరు కాబట్టి. ఈ మాట విన్నప్పట్నుంచీ మా వారు "పదేళ్లలో పెట్టుబడి తిరిగొచ్చేస్తుంది" అంటున్నారు.

కారెక్కాం. చూశారా అత్తయ్యగారి ఒళ్లో ఏముందో? స్వెటరు, శాలువా, మంకీ క్యాపు. బయట రొట్టె పెడితే కాలేలా ఉంది, ఈవిడ చేతిలో మంకీ క్యాపు. సిగ్నల్ దగ్గర పక్క కారాయన అలా చూస్తూ ఉండిపోయాడు.

ఇదీ రింకు, ఐస్ పరిచిన ఆట స్థలం అన్నమాట. తలుపు తీయగానే చలి. ఐస్ గోలు వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగడుగులు. పక్ అంటే ఇదిగో, గట్టి రబ్బరు బిళ్ల, అంగుళం మందం, 170 గ్రాములు. పెద్ద లీగులో దీన్ని ఫ్రీజర్లో పెట్టి మరీ ఆడతారు, గెంతకుండా ఉండాలని. అక్కడ గంటకి 150 కిలోమీటర్లు దాటి వస్తుంది. మావాళ్ల ఆటలో అంత లేదు పిన్నీ, కంగారు పడకు.

వాణ్ని ఐస్ మీదకి పంపించి మేం మెట్ల మీద కూచుంటాం. ఇక్కడే పరిచయమయ్యాడు ఓ పెద్దాయన, మనవణ్ని తీసుకొస్తాడు. ఫీనిక్స్‌కి 1996లో విన్నిపెగ్ నుంచి టీము వచ్చిన కొత్తల్లోంచీ టిక్కెట్టు కొన్న మనిషి. అప్పట్లో మ్యాచులు డౌన్‌టౌన్‌లో బాస్కెట్‌బాల్ కోసం కట్టిన అరీనాలో జరిగేవట. హాకీ ఐస్ పొడుగెక్కువ కదా, అందుకని పై సీట్లలో చాలామందికి ఓ చివరి గోలు కనబడేదే కాదు. డబ్బిచ్చి వచ్చి, గోలీ కనపడకుండా మ్యాచ్ చూడటం! ఆ కనపడని చివర నిలబడ్డవాళ్లలో ఒకాయన షాన్ బర్క్. ఈ పేరు ఆయన నోట విన్నాకే నేను ఇంటికెళ్లి అంతా చదివాను.

చదువుతుంటే నాకు మావారి రెజ్యూమే గుర్తొచ్చింది. వినండి మీరే. పుట్టింది కెనడా విండ్సర్‌లో, 1967. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో కెనడాకి ఆడి, అది అవ్వగానే న్యూజెర్సీలో దిగాడు. మనవాళ్లందరూ దిగే చోటే! దిగీ దిగగానే పదకొండు ఆటల్లో పది గెలిచి, ఆ టీముని న్యూజెర్సీకి వచ్చాక మొట్టమొదటిసారి ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లాడు. ఇరవై ఒక్క ఏళ్లు. తర్వాత హార్ట్‌ఫర్డ్. ఇన్సూరెన్స్ ప్రాజెక్టుల మీద మేమూ ఉన్నాం అక్కడ, మంచు తవ్వీ తవ్వీ నడుం పోయింది. 1997లో ఆ టీమే మూటాముల్లే సర్దుకుని నార్త్ కరోలినాకి పోయింది, ఈయనా వెళ్లాడు. ఆర్నెల్లు తిరక్కుండా జనవరిలో వాంకూవర్, మార్చిలో ఫిలడెల్ఫియా. ఒక్క సీజన్లో మూడు ఊళ్లు. పిల్లల స్కూళ్ల సంగతి ఆ ఇల్లాలికే తెలియాలి. అక్కణ్నుంచి ఫ్లోరిడా, తర్వాత ఫీనిక్స్, మళ్లీ ఫిలడెల్ఫియా, టాంపా, ఆఖర్న లాస్ ఏంజెలెస్. మొత్తం 820 ఆటలు, 324 గెలుపులు. ఫీనిక్స్‌లోనే బాగా కుదురుకున్నాడు, 2002లో ఆ ఏడాది ఉత్తమ గోలీ పురస్కారానికి చివరి ముగ్గుర్లో నిలిచాడు.

కానీ కప్పు లేదు. స్టాన్లీ కప్పు అంటే వీళ్ల లీగులో ఆఖరి మెట్టు. న్యూజెర్సీ గెలిచింది 1995లో, ఈయన వదిలేశాక. టాంపా గెలిచింది 2004లో, ఈయన వెళ్లేముందు. కరోలినా 2006, లాస్ ఏంజెలెస్ 2012. ఈయన కాలు పెట్టని టైము చూసి మరీ గెలిచినట్టు! మా అత్తయ్యగారికి చెబితే "జాతకం చూపించుకోలేదా" అన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆట మానేశాక ఇదే ఫీనిక్స్ టీముకి గోలీ కోచ్ అయ్యాడు. ఆయన చేతికి వచ్చినవాళ్లని చూడండి. మైక్ స్మిత్ అని ఒకతన్ని అంతకుముందే టాంపా వాళ్లు ఎవరికైనా కావాలంటే ఊరికే తీసుకోండని వదిలేస్తే ఒక్క టీమూ తీసుకోలేదు. చిన్న లీగుకి పంపారు. అతను ఇక్కడికొచ్చిన మొదటి సీజన్, 2011-12లో, 38 ఆటలు గెలిచి టీముని సెమీస్ దాకా లాక్కెళ్లాడు. అంత దూరం ఈ టీము ముందెప్పుడూ వెళ్లలేదు, తర్వాతా వెళ్లలేదు. 2014లో డెవన్ డబ్నిక్ వచ్చాడు. ముందు ఏడాది మూడు టీముల చేతులు మారి చిన్న లీగులో తేలినవాడు. ఎనిమిది లక్షల డాలర్లు, అంటే ఏడు కోట్లు, వీళ్ల లెక్కలో చిల్లర. సగం సీజన్‌కే మళ్లీ మినెసోటాకి అమ్మేస్తే, అక్కడ వరసగా 38 మ్యాచులు నిలబడి ఉత్తమ గోలీ పోటీలోకి వచ్చాడు. బర్క్ దగ్గర నేర్చుకున్నదే తనని నిలబెట్టిందని తర్వాత చెప్పుకున్నాడు కూడా.

పెద్ద స్టార్‌గా ఒకే ఊళ్లో ఇరవై ఏళ్లు ఆడినవాడు ఇది చేయలేడని నా అభిప్రాయం. నిన్ను వద్దన్నారు అని ఫోన్ వచ్చిన రాత్రి ఎలా ఉంటుందో తెలిసినవాడు పక్కన కూచోవడం వేరు. మావారి కాంట్రాక్టు టాంపాలో ఉన్నట్టుండి ఆగిపోయిన రోజుల్లో మాకు అలాంటి మనిషి ఒక్కడూ లేడు. తెలిసినవాళ్లు బోలెడు, పాట్‌లక్కు విందులు బోలెడు, ఆ వారం మాత్రం ఎవరి ఫోనూ రాలేదు. పోనీలెండి, వదిలేద్దాం.

2023లో వేగస్ టీముకి బర్క్ గోలీ కోచ్. ఆ సీజన్లో ఒకరి తర్వాత ఒకరికి దెబ్బలు తగిలి ఐదుగురు గోలీలని వాడాల్సి వచ్చింది. ఆఖరికి నిలబడ్డవాడు ఏడిన్ హిల్. 2015లో అతన్ని అరిజోనా టీమే, అంటే ఈ ఫీనిక్స్ టీమే, ఎంచుకుంది, తర్వాత శాన్ హోసే మీదుగా వేగస్‌కి వచ్చాడు. ఫైనల్ మొదటి మ్యాచ్‌లో గోలు సగం ఖాళీ, ఫ్లోరిడా ఆటగాడు కొట్టేశాడు, అయిపోయిందనుకుంటే హిల్ ఐస్ మీద పడిపోతూ కర్రని వెనక్కి చాపాడు, పక్ ఆ చెక్కకి తగిలి ఆగింది. మావాడు ఆ క్లిప్పు చూసి హాల్లో సోఫా ముందు రోజూ అలా పడతాడు, చీపురుతో. జూన్ 13న 9-3తో కప్పు గెలిచారు. బర్క్‌కి అప్పటికి 56 ఏళ్లు. ఓడింది తను ఒకప్పుడు ఆడిన ఫ్లోరిడా.

అయితే ఫీనిక్స్‌కి మాత్రం ఇప్పుడు టీమే లేదండీ. చివరికి టెంపీలో యూనివర్సిటీ వాళ్ల ఐదు వేల సీట్ల చిన్న అరీనాలో ఆడుకుని, 2024 ఏప్రిల్‌లో ఆఖరి మ్యాచ్ గెలిచి, సాల్ట్ లేక్ సిటీకి వెళ్లిపోయింది. ఆ రోజు పెద్దాయన ఏడ్చాడట. టీము పోయినా పిల్లలు మాత్రం తగ్గలేదు, చూడండి ఎంతమంది ఉన్నారో.

అదిగో మావాడు! ఆపాడు, ఆపాడు... అయ్యో, కాళ్ల మధ్యలోంచి దూరిపోయింది. పర్లేదు నాన్నా! పక్కనున్న గోలు స్తంభాన్ని కర్రతో తట్టి మళ్లీ నిలబడ్డాడు, ఇటు చూడలేదు. చూడకపోవడమే మంచిదని కోచ్ అంటాడు. నాకైతే చూస్తే బాగుండుననిపిస్తుంది.

ఇంకో విషయం. పెద్దాయన మనవడికి చిన్నదైపోయిన మాస్కు అమ్ముతానన్నాడు, 150 డాలర్లు. నేను సరేననబోతుంటే అత్తయ్యగారు మంకీ క్యాపులోంచే వేళ్లతో "వంద" అని చూపించారు. ఆయనకి తెలుగు రాదు, ఈవిడకి ఇంగ్లీషు రాదు. ఐదు నిమిషాల తర్వాత 120కి తెగింది, పది వేల ఐదొందలు. పైగా పక్ ఒకటి కొసరు అడిగారు, ఇచ్చాడు. వడియాలు వేయించి ఓ డబ్బా ఆయనకి పంపాలట, రేపు మళ్లీ ప్రాక్టీసు ఉంది, నూనె తీసుకురావాలి, ఇండియన్ స్టోర్ ఎనిమిదింటికి మూసేస్తాడు. పదండి, ఉంటానండీ.