నీళ్ల దగ్గర ఇల్లు, ఆఫీసుకు దగ్గర దారి: గంజాం తీరంలో కుటుంబానికి సరిపడే చోటు ఎంచుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. ఒడిశాలోని గంజాం జిల్లాలో, బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ చుట్టుపక్కల ఉద్యోగానికి వస్తున్న మన తెలుగు కుటుంబాల కోసం ఈ వీడియో. శ్రీకాకుళం వైపు నుంచి బదిలీ మీద వచ్చేవాళ్లయినా, ఇక్కడే పుట్టి పెరిగి సొంత ఇల్లు చూసుకుంటున్నవాళ్లయినా కోరుకునేది దాదాపు ఒకటే. నీళ్ల దగ్గర ఉండాలి, ఆఫీసుకు అలసిపోకుండా చేరాలి, పిల్లలకు బాగుండాలి. ఈ మూడూ కుదిరే చోట్లు ఇక్కడ ఉన్నాయి. అయితే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నీళ్లు మీ కిటికీలోంచి కనిపించనక్కరలేదు. సాయంత్రం పిల్లల చెయ్యి పట్టుకుని నడిచి వెళ్లగలిగితే చాలు. మధ్యలో ఉండే ఆ కాస్త నేలే అక్టోబరులో మీ ఇంటికి అండ.

అక్టోబరు అని ఎందుకు అంటున్నానో తెరపై ఉన్న మూడు తేదీలు చూస్తే తెలుస్తుంది. 1999 అక్టోబరు 17న గోపాల్‌పూర్ దగ్గర పెద్ద తుపాను తీరం దాటింది. పన్నెండు రోజులకే పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్ వచ్చి అంతకంటే ఘోరం జరగడంతో బయటివాళ్లు మొదటిదాన్ని మరచిపోయారు, ఇక్కడివాళ్లు మరవలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చింది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి, ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందుగానే ఖాళీ చేయించారు. 2018 అక్టోబరు 11న తిత్లీ, పలాసకు గోపాల్‌పూర్‌కు మధ్య. మూడూ దేవీ నవరాత్రుల్లోనే వచ్చాయి. ఇల్లు చూడటానికి మాత్రం మనం జనవరిలో, ఎండ హాయిగా ఉండి సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు వెళ్తాం. బ్రోకర్లు కూడా అప్పుడే చూపిస్తారు.

సరే, మ్యాప్ తెరవండి. ముందు ఇల్లు వెతకకండి, మీ ఆఫీసు మీద గుర్తు పెట్టండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీయా, ఊరి బయట గోపాల్‌పూర్ దారిలో భంజబిహార్ విశ్వవిద్యాలయమా, ఛత్రపురంలో కలెక్టరేటా, అక్కడి ఐఆర్‌ఈఎల్ ఇసుక ఖనిజాల కర్మాగారమా, లేక గోపాల్‌పూర్ ఓడరేవా? ఇక్కడ ఒక సంగతి చాలామందికి తట్టదు. ఓడరేవు పేరులో గోపాల్‌పూర్ ఉన్నా అది బీచ్ పక్కన లేదు, ఉత్తరాన ఛత్రపురం వైపు ఉంది. ఓడరేవులో ఉద్యోగమని బీచ్ పక్కన ఇల్లు తీసుకుంటే రోజూ చుట్టూ తిరిగి వెళ్లాలి. రెండో గుర్తు బడి మీద పెట్టండి. ఆఫీసు వేళకు, బడి వేళకు ఫోనులో దారి చూసుకోండి. ఆదివారం మధ్యాహ్నం కారులో చూసిన సమయాన్ని నమ్మకండి.

ఇప్పుడు చోట్లు చూద్దాం. గోపాల్‌పూర్ బరంపురానికి సుమారు 16 కిలోమీటర్లు. అందమైన ఊరు, లైట్‌హౌస్, పాత ఓడరేవు శిథిలాలు, తెలుగు మాట్లాడే మత్స్యకారుల వాడలు. పిల్లలకు ఇసుకలో ఆడుకోవడం ఎంత ఇష్టమో చెప్పనక్కరలేదు. కానీ అక్కడి అలలు ఈతకు మంచివి కావు, ఒడ్డుకు దగ్గరలోనే లోతు వస్తుంది, కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. రైల్వే స్టేషన్ లేదు. డిసెంబరు చివరి వారంలోనూ, సెలవు రోజుల్లోనూ పిక్నిక్ బస్సులతో దారి నిండిపోతుంది. బీచ్ రోడ్డు మీదే ఉండాలంటే నేను వద్దంటాను. ఊరి లోపలి వైపు, లేదా బరంపురం దారిలో విశ్వవిద్యాలయం దరిదాపుల్లో ఉండి సాయంత్రం సముద్రానికి వెళ్లి రావడం మేలు.

ఋషికుల్య నది సముద్రంలో కలిసే వైపు స్థలాలు చవకగా వస్తున్నాయని చెప్పేవాళ్లుంటారు. అక్కడి పొడంపేట సంగతి తెలుసుకోండి. మన తెలుగు మత్స్యకారుల ఊరే. సముద్రం కోసుకుంటూ వచ్చి ఇళ్ల వరుసలను మింగేసింది, జనం లోపలికి తరలిపోయారు. నదీ ముఖం ఒకచోట నిలవదు. ఇసుక తిన్నె ఇవాళ ఇక్కడుంటే రెండేళ్లకు మరోచోట ఉంటుంది. ఆ తీరానికే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేలాదిగా వచ్చి గుడ్లు పెడతాయి. తాబేలు పిల్లలు సముద్రం వైపు కాకుండా వెలుగు వైపు నడుస్తాయి కాబట్టి ఒడ్డున దీపాలు ఉండకూడదు. పిల్లలను తీసుకెళ్లి దూరం నుంచి చూపించండి, ఇల్లు మాత్రం అక్కడ వద్దు.

నాకు బాగా నచ్చేది ఛత్రపురం. బరంపురం నుంచి జాతీయ రహదారి మీద ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. హౌరా–చెన్నై రైలు మార్గంలో స్టేషన్ ఉంది. జిల్లా కేంద్రం కాబట్టి ఆఫీసులు, ఆసుపత్రి, బడులు ఊళ్లోనే ఉన్నాయి. ఊరిని ఆనుకుని తంపరా సరస్సు, మంచినీటిది, దాదాపు 300 హెక్టార్లు. 2021లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. పడవ షికారు ఉంది, చలికాలంలో పక్షులు దిగుతాయి. సముద్రం కూడా దగ్గరే, కానీ అల ఇంటి గడప దగ్గరకు రాదు. సరస్సు ఒడ్డున అయినా జాగ్రత్తే. 2017 చిత్తడి నేలల నిబంధనల ప్రకారం, ఆ నిబంధనలు వచ్చేనాటికి గడిచిన పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు పక్కా కట్టడం కూడదు. ‘లేక్ వ్యూ’ అని బోర్డు పెట్టిన ప్లాటు చూస్తే మొదటి ప్రశ్న ఇదే అడగండి. పసిపిల్లలున్నవాళ్లు ఇంకొకటి చూడాలి: ఇంటికీ నీటికీ మధ్య కంచె, ప్రహరీ ఏదైనా ఉందా? సాయంత్రం ఆరింటికి అక్కడ నిలబడితే దోమలు ఏ పాటి?

ఇక ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు చేయవలసినవి. కెమెరా దగ్గరకు తెస్తున్నాను, ఈ కిటికీ గ్రిల్లు చూడండి. పైన కొత్త పెయింటు మెరుస్తోంది. కింది కడ్డీ గోడలో కలిసే చోట వేలితో గట్టిగా రుద్దితే తుప్పు పొరలు పొరలుగా ఊడి వస్తోంది. ఉప్పుగాలి ఆ ఇంటిని ఎంత తింటోందో ఇదే చెబుతుంది. తర్వాత తలెత్తి శ్లాబు అడుగుభాగం చూడండి. ఎక్కడైనా సిమెంటు ఉబ్బి, గీతలాగా పగిలి ఉంటే లోపల ఇనుము తుప్పు పట్టి లావెక్కిందన్న మాట. సున్నం వేసి కప్పేస్తారు, కాబట్టి టార్చిలైటు పక్కవాటుగా వేసి చూడండి, ఉబ్బు నీడ పడుతుంది.

నీళ్ల పరీక్ష వంటింట్లో చేయండి. ఒక సీసాలో బోరు నీళ్లు పట్టుకెళ్లి కందిపప్పు ఉడకబెట్టండి. ఎంతసేపటికీ పప్పు మెత్తబడకపోతే ఆ నీటిలో కఠినత ఎక్కువ. వేసవిలో భూగర్భజలం దిగితే తీరం వైపు ఉప్పునీరు లోపలికి చొరబడుతుంది, అందుకే మే నెలలో రుచి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఆ వీధిలో పాతకాపులతో మాట్లాడండి. తెలుగువాళ్లు తప్పకుండా ఉంటారు, గంజాం 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోనే కదా. అరుగు మీద కూర్చున్న పెద్దావిడను పలకరించండి. “అమ్మా, ఫైలిన్ అప్పుడు ఈ వీధిలోకి నీళ్లు ఎంతవరకు వచ్చాయండీ? కరెంటు ఎన్నాళ్లకు వచ్చింది?” అని అడగండి. గోడ మీద చెయ్యి పెట్టి ఇంతవరకు అని చూపిస్తారు. తుపాను షెల్టర్ ఎక్కడుందో, చీకట్లో పిల్లలతో అక్కడికి నడవగలమా అన్నదీ వాళ్లే చెబుతారు.

కొనేవాళ్లు కాగితాలు చూడాలి. ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ వెబ్‌సైట్‌లో జిల్లా, తహశీలు, గ్రామం ఎంచుకుని ఖతియాన్ (భూమి ఖాతా) నంబరుతో గానీ ప్లాటు నంబరుతో గానీ పట్టా తెరవండి. అంతా ఒడియా లిపిలో ఉంటుంది, చదవగలిగినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. అందులో ‘కిసమ్’ అనే గడి, అంటే భూమి రకం చూడాలి. ఘరాబారి అని ఉంటే ఇంటి స్థలం. పొలంగా ఉంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఏ సెక్షన్ కింద మార్పిడి అయిందో లేదో ఉత్తర్వు చూపించమనండి. అమ్మేవారు షెడ్యూల్డు కులం లేదా తెగకు చెందినవారై, మీరు ఆ వర్గానికి చెందకపోతే రెవెన్యూ అధికారి అనుమతి లేనిదే మీరు కొనడం కుదరదు, అది వాళ్ల రక్షణ కోసం పెట్టిన నియమం. సముద్రం వైపు అయితే సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) 2019 నోటిఫికేషన్ వర్తిస్తుంది. జనసాంద్రత తక్కువ ఉన్న పల్లెల్లో గరిష్ఠ పోటు రేఖ నుంచి 200 మీటర్ల దాకా, సాంద్రత ఎక్కువ ఉన్నచోట 50 మీటర్ల దాకా కొత్త ఇళ్లు కట్టకూడని మేర. ఆటుపోట్లు వచ్చే నదీ పాయల ఒడ్డుకూ ఈ నియమాలు ఉన్నాయి.

ఇంత చూశాక కూడా నేను మొదటి ఏడాది అద్దెకే ఉండమంటాను. అద్దె ఒప్పందం మామూలుగా 11 నెలలు. దాన్ని ఏప్రిల్‌లో మొదలుపెట్టండి. మే నెల నీళ్లు, జులై వాన, అక్టోబరు గాలి, డిసెంబరు పిక్నిక్ రద్దీ అన్నీ ఆ గడువులోనే పడతాయి. ఇంటివారితో ముందే మాట్లాడుకుని, తుపానుకు తలుపులు, నీళ్ల ట్యాంకు దెబ్బతింటే మరమ్మతు ఎవరిదో ఒప్పందంలో రాయించుకోండి.